ఎక్కించిన ఇనుమును దింపడం కూడా వైద్యమే: హనుమాన్ జంక్షన్ సభ తీర్మానం

మే 8, ప్రపంచ తలసీమియా దినం నాడు హనుమాన్ జంక్షన్‌లో సమావేశమైన తలసీమియా, సికిల్ సెల్ పిల్లల తల్లిదండ్రులు, ఆ జబ్బులతోనే పెరిగి పెద్దవాళ్లయిన రోగులు, చుట్టుపక్కల ఊళ్ల రక్తదాతలు కలిసి చర్చించి, రెండు సవరణలు చేసి, ఒక అసమ్మతిని నమోదు చేసి ఆమోదించిన తీర్మానం ఇది.

సభ ఇక్కడే ఎందుకన్నది ముందుగా చెప్పాలి. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు కలిసే చోటు జంక్షన్. మనలో చాలామంది నెలకు ఒకటి రెండుసార్లు, తెల్లవారకముందే ఆంజనేయస్వామి గుడి దగ్గర నిలబడి, భుజం మీద నిద్రపోతున్న పిల్లతో బస్సు కోసం చూసినవాళ్లం. ఏలూరు వైపు వెళ్తే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, విజయవాడ వైపు వెళ్తే దాదాపు 40. ఒకరి ముఖాలు ఒకరికి ముందు బస్టాపులోనే తెలిశాయి. పేర్లు తర్వాత తెలిశాయి. ఒంట్లో ఇనుము నిల్వను సూచించే రక్తపరీక్షలో పిల్లల ఫెరిటిన్ అంకెలు అన్నిటికంటే చివర తెలిశాయి. ఆ అంకెలే మొదట మాట్లాడుకొని ఉండాల్సిందని ఈ సభ అభిప్రాయం.

రక్తం విషయంలో ఈ సభ కొత్తగా అడిగేది తక్కువ. పదేపదే రక్తం ఎక్కించుకోవాల్సిన తలసీమియా, సికిల్ సెల్ రోగులకు రుసుము లేకుండా రక్తం ఇవ్వాలని జాతీయ రక్తమార్పిడి మండలి 2014లోనే చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తలసీమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ జబ్బులను తన జాబితాలో చేర్చింది. మన రాష్ట్రంలో 2020 నుంచి ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ ఉంది. 2025 ఫిబ్రవరి 15న విజయవాడ ఇందిరా గాంధీ మునిసిపల్ స్టేడియంలో ఎన్టీఆర్ ట్రస్టు తలసీమియా రోగుల సహాయం కోసమే తమన్ సంగీత విభావరి పెట్టింది. ఆ రాత్రి వరకు ఈ జబ్బు పేరు వినని ఇళ్లలో కూడా దాని పేరు వినబడింది. వీటన్నిటినీ సభ కృతజ్ఞతతో నమోదు చేస్తున్నది.

అయితే ఈ మంచి మాటలన్నీ రక్తం దగ్గర మొదలై రక్తం దగ్గరే ఆగిపోతున్నాయి. "రక్తం దొరికిందా?" అని అడిగేవాళ్లు ఊరంతా ఉన్నారు. "ఎక్కించిన ఇనుము దిగుతోందా?" అని అడిగేవాళ్లు లేరు. క్రమం తప్పకుండా రక్తం అందుతున్న తలసీమియా రోగుల ప్రాణం తీసే కారణాలలో అన్నిటికంటే పెద్దది గుండెలో పేరుకున్న ఇనుము. ఈ తీర్మానం ముఖ్యంగా ఆ విషయం మీదనే.

ముందుగా లెక్క. ఒక యూనిట్ ఎర్ర కణాలలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి ఒళ్లంతా కలిపి ఉండే ఇనుము 3, 4 గ్రాములు. రోజూ ఒంట్లోంచి బయటికి పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. అంతకుమించి బయటికి పంపే దారి శరీరానికి పుట్టుకతోనే లేదు. నెలకు రెండు యూనిట్లు ఎక్కించుకునే మనిషికి ఏడాదికి 24 యూనిట్లు, అంటే 5 గ్రాములకు దగ్గరగా ఇనుము. ఒక మనిషికి జన్మంతా సరిపోయే సరుకు ప్రతి ఏడాదీ కొత్తగా వచ్చి పడుతుంది, పోయే తోవ ఉండదు.

డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, కాలువలు వచ్చాయి, మెట్ట చేలు మాగాణులయ్యాయి. నీళ్లు పెట్టడం నేర్చినంత తొందరగా మురుగు తీయడం నేర్వలేదు. ఊడ్చిన చేలు వారాల తరబడి నీట నానిన సంవత్సరాలు మన తాతలు చూశారు. చివరికి 1968లో డెల్టా ప్రాంతాలకు ప్రత్యేకంగా డ్రైనేజీ సెస్సు చట్టం చేయాల్సి వచ్చింది. నీటి తీరువా ఒకటి, మురుగు తీసేందుకు సెస్సు మరొకటి. కాలువకూ డ్రెయిన్‌కూ వేర్వేరుగా డబ్బు పెట్టాలని ఒప్పుకున్న నేల ఇది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు, పోయే దారి లేని నీరు ఏం చేస్తుందో మళ్లీ చూశాం. మన పిల్లలకు రక్తం కాలువ అయితే ఇనుము దింపే మందు డ్రెయిన్. కాలువ తవ్వినందుకు శిలాఫలకాలు ఉంటాయి. డ్రెయిన్‌లో పూడిక తీసినవాడి పేరు ఏ ఫలకం మీదా ఉండదు. అందుకే కాబోలు ఈ విషయం ఇన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు.

ఇనుము గుండెకు ఎలా చేరుతుందో సభకు వచ్చిన వైద్యులు వివరించారు. తల్లులు తిరిగి తిరిగి అడిగి అర్థం చేసుకున్నది ఇలా ఉంది. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే మాంసకృత్తు ఒకటి ఉంటుంది. అది బస్సు లాంటిది. సీట్లున్నంత వరకు ఎక్కినవాళ్లు కుదురుగా కూర్చుంటారు. సీట్లు నిండాక ఎక్కినవాళ్లు ఎక్కడ పడితే అక్కడ వేలాడతారు. అలా మిగిలిపోయిన ఇనుము మొదట కాలేయంలోకి, తర్వాత గ్రంథుల్లోకి, గుండె కండరంలోకి దూరుతుంది. గుండెలోకి అది దూరే దారుల్లో ముఖ్యమైనవి కాల్షియం రావడానికి ఉన్న ద్వారాలే. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ ఆ ద్వారాలను కొంత మూస్తుంది కాబట్టి, దాన్ని ఇనుము దింపే మందులకు తోడుగా ఇచ్చి బ్రెజిల్ వైద్యులు పరీక్షిస్తే గుండెలో ఇనుము తగ్గిందని 2016లో ప్రకటించారు. డాక్టరు చెప్పకుండా ఎవరూ ఇంట్లో తాతగారి బీపీ బిళ్ల పిల్లకు వేయకూడదని సభ ఇక్కడే, గట్టిగా చెబుతున్నది.

కాలేయం నుంచి ఇనుము కొన్ని నెలల్లో దిగవచ్చు. గుండె నుంచి దిగడానికి ఏళ్లు పడుతుంది. పైగా గుండె చివరిదాకా ఫిర్యాదు చేయదు. ఎకోలో గుండె పంపు చేసే శాతం 60 వచ్చిందంటే మనం స్వీట్లు పంచుకున్నాం. ఎకోలో ఆ శాతం పడిపోయేనాటికే చాలా ఇనుము పేరుకుని ఉంటుంది. ఫెరిటిన్ కూడా మొత్తం కథ చెప్పదు. జ్వరం వచ్చినా, కాలేయం వాచినా అది పెరుగుతుంది. ఏళ్ల తరబడి 2500 దాటి ఉంటే గుండెకు ముప్పు పెరుగుతుందన్నది నిజం. వెయ్యికి లోపల ఉంచడం మంచిదన్నదీ నిజమే. కానీ ఫెరిటిన్ తక్కువగా ఉన్నా గుండెలో ఇనుము ఉన్నవాళ్లు ఉన్నారు.

గుండెలోని ఇనుమును నేరుగా కొలిచే పద్ధతి ఉంది. 2001లో లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి వైద్యులు ఎమ్మారై యంత్రంతోనే దాన్ని కొలిచి చూపించారు. ఇనుము ఉన్నచోట అయస్కాంత సంకేతం త్వరగా చచ్చిపోతుంది. ఎంత త్వరగా అన్నదాన్ని మిల్లీసెకన్లలో చెబుతారు. దాని పేరు టీ-టూ స్టార్. అంకె 20కి పైన ఉంటే గుండె నిమ్మళం. 10కీ 20కీ మధ్య ఉంటే ఇనుము చేరిందని గుర్తు. 10కి దిగువన ఉంటే ఏ రోజైనా గుండె చేతులెత్తేయవచ్చు. ఇక్కడ అంకె తగ్గడం చెడ్డది, ఫెరిటిన్‌లో పెరగడం చెడ్డది. ఈ తేడా తెలియక ఒక తండ్రి, "మా వాడికి 8 మాత్రమే వచ్చిందండీ, తక్కువే కదా" అని సంతోషంగా సభలో చెప్పినప్పుడు ఎవరికీ నోట మాట రాలేదు. ఆ కుర్రవాణ్ణి మర్నాడే నిపుణులకు చూపించే ఏర్పాటు సభ మధ్యలోనే జరిగింది.

ఈ పరీక్ష, దాన్నిబట్టి మందుల మార్పు వచ్చాక బ్రిటన్‌లో తలసీమియా రోగుల్లో ఇనుము వల్ల కలిగే మరణాలు 2000 తర్వాత దాదాపు 70 శాతం తగ్గాయి. కొత్త మందు కనిపెట్టినందుకు మాత్రమే కాదు, ఎవరి గుండెలో ఇనుము ఉందో ముందే తెలిసినందుకు. ఇది గ్రహించిన మీదట ఈ సభ కింది విధంగా తీర్మానిస్తున్నది.

మొదటి తీర్మానం. రక్తం ఎక్కించే ప్రతి కేంద్రంలో, అదే రోజు, అదే చోట, ఇనుము దింపే మందు కూడా ఇవ్వాలని సభ ప్రభుత్వాన్ని కోరుతున్నది. రక్తానికి ఒక రోజు, మాత్రలకు మరో రోజు, రక్తపరీక్షకు ఇంకో రోజు అంటే మూడు రోజుల కూలి పోతుంది, మూడు రోజుల బడి పోతుంది. మనలో కొందరు నూజివీడు వైపు మామిడి తోటల్లోనూ, కైకలూరు వైపు చేపల చెరువుల మీదా పని చేసేవాళ్లు. కోతల కాలంలో, పట్టుబడి రోజుల్లో వాళ్లకు సెలవు అన్న మాట లేదు. అటువంటి ఇంట్లో మొదట మానేసేది మాత్రలే. ఎందుకంటే రక్తం మానేస్తే పిల్ల వారానికి పాలిపోతుంది, మాత్ర మానేస్తే పదేళ్ల దాకా పైకి ఏమీ కనబడదు. ఒక కేంద్రంలో మాత్రలు అయిపోయి, రెండు నెలలు "వచ్చే వారం రండి" అని తిప్పిన అనుభవం మాలో ఒకరికి ఉంది. రక్తం లేదని రెండు నెలలు తిప్పితే పత్రికల్లో వస్తుంది. మాత్రలు లేవంటే రాదు.

మందులు మూడు. మొదటిది డెస్ఫెరియాక్సమిన్, ఒక నేల సూక్ష్మజీవి నుంచి తీసి 1960లలో వాడుకలోకి తెచ్చారు. చర్మం కింద సన్న సూదితో చిన్న పంపు పెట్టి రాత్రి 8 నుంచి 12 గంటలు, వారానికి ఐదారు రాత్రులు ఎక్కించాలి. రెండోది డెఫెరిప్రోన్ మాత్ర. దీనికి 1990లలో ప్రపంచంలో మొట్టమొదట అనుమతి ఇచ్చినది మన దేశమే, అమెరికా 2011 దాకా ఇవ్వలేదు. గుండె నుంచి ఇనుము తీయడంలో దీనికి మంచి పేరుంది. మూడోది డెఫెరాసిరాక్స్, రోజుకొకసారి వేసుకునే మాత్ర, అమెరికాలో 2005లో అనుమతి పొందింది. ఈ మందులు చేసే పనికి పెట్టిన కీలేషన్ అన్న పేరు పీత డెక్కకు గ్రీకు మాట నుంచి వచ్చింది. పంట బోదెలో చెయ్యి పెట్టి పీతకు దొరికిపోయిన ఎవరికైనా ఆ పేరు ఎంత సరైనదో తెలుస్తుంది. డెక్క ఇనుమును పట్టుకుంటుంది, వదలదు, మూత్రంలోనో మలంలోనో తనతో లాక్కుపోతుంది.

ఏ మందు, ఎంత, ఎవరికి అన్నది సభ తేల్చదు. అది డాక్టరు పని. కానీ తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. డెఫెరిప్రోన్ వాడే పిల్లకు జ్వరమో గొంతు నొప్పో వస్తే మందు ఆపి, ఆ రోజే రక్తంలో తెల్లకణాలు లెక్కించాలి, ఎందుకంటే వందలో ఒకరికి ఆ కణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ మందు వాడితే మూత్రం ఎర్రబడుతుంది, దానికి భయపడనక్కర్లేదు. డెఫెరాసిరాక్స్ వాడేవాళ్లకు మూత్రపిండాలు, కాలేయం పరీక్షలు నెలనెలా ఉండాలి. ఈ సంగతులు తెలుగులో ఒక్క పేజీ మీద ముద్రించి ప్రతి ఇంటికీ ఇస్తామని ఈ సభే బాధ్యత తీసుకుంటున్నది.

రెండో తీర్మానం. గుండె టీ-టూ స్టార్ ఎమ్మారైని పదేళ్లు నిండిన ప్రతి తలసీమియా రోగికీ, పదేపదే రక్తం ఎక్కించుకునే ప్రతి సికిల్ సెల్ రోగికీ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉచితంగా చేయించాలని సభ రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నది. దీనికి కొత్త యంత్రం కొనాల్సిన పని చాలాచోట్ల ఉండదు. ఈ అంకెలన్నీ 1.5 టెస్లా యంత్రం మీద నిర్ధారించినవే, అటువంటివి మన జిల్లాల పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నాయి. కావలసింది కొలిచే సాఫ్ట్‌వేరు, దాన్ని చదవడంలో శిక్షణ పొందిన రేడియాలజిస్టు. సిద్ధార్థ వైద్య కళాశాలకు అనుబంధమైన విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో గానీ, మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ నెలలో ఒక రోజును ఈ పరీక్షకే కేటాయిస్తే కృష్ణా, ఎన్టీఆర్, ఏలూరు జిల్లాల పిల్లలందరికీ సరిపోతుందని సభకు నమ్మకం. ఏడాదికోసారి ఎకో, ఈసీజీ, మూడు నెలలకోసారి ఫెరిటిన్ మామూలుగా జరుగుతూనే ఉండాలి. ఎమ్మారై వచ్చిందని అవి మానకూడదు.

మూడో తీర్మానం. దీన్ని ప్రతిపాదించింది ఒక తల్లి. ఆమె బిడ్డకు ఎనిమిది నెలలప్పుడు పాలిపోయి ఉందని చూపిస్తే, రక్తపరీక్ష చేయకుండా ఏడాదిపాటు ఐరన్ టానిక్ రాశారు. తర్వాత గాని తలసీమియా మేజర్ అని తేలలేదు. ఆసుపత్రి పేరు ఆమె చెప్పలేదు, సభ అడగలేదు. చిన్నపిల్లల్లో రక్తం తక్కువ అని తెలిస్తే ముందు కంప్లీట్ బ్లడ్ పిక్చర్, అనుమానం ఉంటే హిమోగ్లోబిన్ రకాలను తేల్చే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించకుండా ఐరన్ రాయవద్దని సభ వైద్యులను వేడుకుంటున్నది. జబ్బు లేకున్నా దాని జన్యువును మోసే తలసీమియా క్యారియర్లకు కూడా రక్తకణాలు చిన్నవిగా కనబడతాయి. ఐరన్ లోపమని పొరబడటం తేలిక.

బడి మాట కూడా ఇందులోనే. రక్తహీనత ముక్త భారత్ కార్యక్రమం కింద వారానికొకసారి అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు గులాబీ రంగు బిళ్ల, పెద్ద పిల్లలకు నీలం రంగు బిళ్ల ఇస్తారు. చిన్న బిళ్లలో 45 మిల్లీగ్రాముల ఇనుము, పెద్దదానిలో 60. అది మంచి పథకం, మన ఆడపిల్లలకు అవసరమైన పథకం. తలసీమియా ఉన్నవాళ్లకూ, పదేపదే రక్తం ఎక్కించుకున్నవాళ్లకూ ఆ బిళ్ల ఇవ్వకూడదని ఆ పథకం నియమాలే చెబుతున్నాయి. కానీ వరసలో నిలబడ్డ పిల్ల చేతిలో బిళ్ల పడేప్పుడు నియమాల పుస్తకం ఎవరి చేతిలోనూ ఉండదు. అందువల్ల ప్రతి తల్లిదండ్రీ బడి తెరిచిన వారంలోనే హెడ్‌మాస్టరుకూ ఏఎన్ఎమ్‌కూ రాతపూర్వకంగా చెప్పాలని, ఆ ఉత్తరం నమూనాను సభ తయారుచేసి ఇస్తుందని తీర్మానించారు.

ఇదే చర్చలో తిండి గొడవ కూడా వచ్చింది. పెద్దవాళ్లు "రక్తం పట్టాలి" అని ఖర్జూరం, బెల్లం, మేక కాలేయం పెట్టడం, ఇంకొందరు ఇనుముందని తోటకూర, మునగాకు మానిపించి పిల్లను పస్తుంచడం. రెండూ తప్పేనని వైద్యులు చెప్పారు. ఒక యూనిట్ రక్తంతో వచ్చే ఇనుము ముందు ఆకుకూరలోంచి ఒంటికి పట్టేది లెక్కలోకి రాదు. పప్పు, కూర, చారు, పెరుగు, ఇంట్లో అందరూ తినేదే పిల్లకూ పెట్టాలి. ఐరన్ కలిపిన టానిక్కులు, పొడులు మాత్రం వద్దు. డాక్టరు చెప్పకుండా విటమిన్ సి బిళ్లలు కూడా వద్దు. అవి ఒంట్లో దాగిన ఇనుమును ఒక్కసారి కదిలించి గుండె మీదికి తోయవచ్చు. నిమ్మకాయ పులిహోర గురించి ఒక నాయనమ్మ అడిగారు. దాని జోలికి ఎవరూ రావడం లేదు.

నాలుగో తీర్మానం అత్యవసర వైద్యం గురించి. తలసీమియా రోగి ఆయాసంతో, కాళ్ల వాపుతో, గుండె దడతో, కళ్లు తిరిగి పడిపోయి, కొన్నిసార్లు కుడి డొక్క కింద నొప్పితో అర్ధరాత్రి ఆసుపత్రికి వస్తాడు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మామూలు హార్ట్ ఫెయిల్యూర్‌కు చేసే వైద్యం చేస్తాడు. అతన్ని తప్పు పట్టలేం, రోజూ వచ్చే జబ్బు కాదు. కానీ ఈ గుండెకు మూల విషం ఇనుము. దాన్ని రాత్రింబవళ్లు ఆపకుండా నరం ద్వారా డెస్ఫెరియాక్సమిన్ ఇచ్చి, వీలైతే డెఫెరిప్రోన్ జోడించి దింపితే, చాలా ఇతర గుండె జబ్బుల్లా కాకుండా, ఈ గుండె తిరిగి కోలుకోగలదు. అందుకే ప్రతి రోగి జేబులో ఒక కార్డు ఉండాలని సభ తీర్మానించింది. దాని మీద రాయాల్సిన మాటలు సభే ఖాయం చేసింది: "నాకు తలసీమియా. నా గుండెలో ఇనుము ఉండవచ్చు. ఇనుము దింపే మందు ఆపవద్దు, పెంచాల్సి రావచ్చు. నాకు రక్తం ఎక్కించే కేంద్రం డాక్టరుతో వెంటనే మాట్లాడండి." కింద ఫోను నంబరు, బ్లడ్ గ్రూపు, చివరి ఫెరిటిన్, చివరి టీ-టూ స్టార్.

అయిదో తీర్మానం ముసాయిదాలో ఒక వాక్యం ఉండేది: "మందులు వేసుకోవడానికి మొండికేసే యుక్తవయసు పిల్లలకు తల్లిదండ్రులు నచ్చజెప్పాలి." ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి లేచి అభ్యంతరం చెప్పింది. ఆమె మాటలు యథాతథంగా నమోదు చేయాలని సభ కోరింది: "పన్నెండేళ్లు మీరే లేపి మింగించారు. పంపు సూది నా పొట్ట మీద ఎక్కడ గుచ్చాలో మీరే చూశారు. నా రిపోర్టు మాత్రం ఒక్కసారి కూడా నాకు చూపించలేదు, డాక్టరుగారు బయట కూర్చోమన్నారు. మొండితనం కాదండీ, అసలు నాకేమైందో నాకు తెలియదు." ఆమె కూర్చున్నాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆమె తండ్రే సవరణ ప్రతిపాదించారు. 'మొండికేసే' అన్న మాట తీసేశారు. పన్నెండేళ్లు నిండిన ప్రతి రోగికీ తన ఫెరిటిన్, ఎకో, ఎమ్మారై అంకెలు తనకే ముందు చెప్పాలని, తన చేతిరాతతో తన పుస్తకంలో రాసుకునేలా చూడాలని తీర్మానం మారింది. ఈ వయసులోనే మాత్రలు మానడం ఎక్కువ. గుండెలో ఇనుము పేరుకునేదీ ఎక్కువగా ఈ వయసు నుంచే. నెల పెన్షన్‌లోంచి వాళ్ల పరీక్షలకు, మందులకు అయ్యేది ముందుగా పక్కన పెట్టాలని, ఆ తర్వాతే ఇంటి ఖర్చులని కూడా ఈ తీర్మానంలో చేర్చారు. దీని మీద ఒకరిద్దరు తమలో తాము గొణుక్కున్నారు గానీ వ్యతిరేకించలేదు.

ఆరో తీర్మానం పెళ్లికి ముందు, లేదా గర్భం తెలిసిన మొదటి నెలల్లోనే జంటలో ఇద్దరికీ తలసీమియా క్యారియర్లను గుర్తించే హెచ్‌బీ-ఏ2 పరీక్ష చేయించడం గురించి. దేశ జనాభాలో 3 నుంచి 4 శాతం మంది తలసీమియా క్యారియర్లని అంచనా. వాళ్లకు ఏ బాధా ఉండదు, తెలియదు. ఇద్దరు క్యారియర్లకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు ప్రమాదం. ముసాయిదాలో "మేనరికాలు మానాలి" అని ఉంది. మన రాష్ట్రంలో దాదాపు నాలుగోవంతు పెళ్లిళ్లు దగ్గర బంధువుల మధ్యే జరుగుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. దాని మీద పెద్దాయన ఒకరు అసమ్మతి నమోదు చేయించారు: "ఇనుము గురించి సభ పెట్టి మా ఇంటి సంబంధాల మీదికి వచ్చారేమిటి? మా అక్క కూతుర్నే చేసుకున్నాను, నా పిల్లలు బాగున్నారు." ఆయన మాటలో సగం నిజముంది. దూరపు సంబంధంలో కూడా ఇద్దరూ క్యారియర్లయితే ప్రమాదం అంతే. మేనరికంలో ఆ ఇద్దరూ క్యారియర్లయ్యే అవకాశం పెరుగుతుంది, తలసీమియా విషయంలో అంతకుమించి మేనరికానికి ఏ శాపమూ లేదు. సభ 'మానాలి' అన్న మాట తీసి, 'ఏ సంబంధమైనా పరీక్ష చేయించుకోవాలి' అని పెట్టింది. పెద్దాయన అసమ్మతి ఉపసంహరించుకోలేదు. అది అలాగే ఉంటుంది.

ఏడో తీర్మానం రక్తదాతలది, వాళ్లే రాసి తెచ్చారు, చిన్నదే. మే, జూన్ నెలల్లో కాలేజీలు మూసి ఉంటాయి, శిబిరాలు ఉండవు, రక్తం దొరకదు. ఆ రెండు నెలలకు జంక్షన్, బాపులపాడు, వీరవల్లి, పెరికీడు ఊళ్ల నుంచి వంతులవారీ జాబితా వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంది. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు తక్కువ వ్యవధిలో మళ్లీ ఇవ్వరు. ఒక దాత నవ్వుతూ చెప్పిన మాటను కూడా రాసుకున్నాం: ఆయన ఒంట్లోంచి ప్రతిసారీ పోయే 200 మిల్లీగ్రాముల ఇనుమే ఎవరి ఒంట్లోనో చేరుతుందట, తన ఇనుమును వాళ్లు తీసుకుంటున్నారు కాబట్టి అది దింపే మందు ఖర్చులో తనకూ వాటా ఉండాలట. మరుసటి వారమే ఆ డబ్బు పంపుతానన్నారు.

ఎముక మజ్జ మార్పిడి గురించి చివర్లో అడిగారు. ఒక్కో తోబుట్టువు మజ్జ సరిపోయే అవకాశం నాలుగోవంతే. వెల్లూరు సీఎంసీ వంటి చోట్ల ఏళ్లుగా చేస్తున్నారు. కోల్ ఇండియా సంస్థ 2017 నుంచి తలసీమియా బాల సేవా యోజన కింద ఒక్కొక్కరికి 10 లక్షల రూపాయల దాకా ఇస్తోంది. దరఖాస్తు చేయాలనుకున్నవాళ్లు చేయాలి. కాలేయంలోనూ గుండెలోనూ ఇనుము తక్కువగా ఉన్న పిల్లలకే మార్పిడి బాగా ఫలిస్తుందని, అందుకోసమైనా మాత్రలు మానవద్దని వైద్యులు అన్నారు. సికిల్ సెల్‌కు 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం పరీక్షల మీద దృష్టి పెట్టింది. ఏజెన్సీ నుంచి వచ్చిన సికిల్ సెల్ రోగులకు హైడ్రాక్సీయూరియా మందుతో రక్తం అవసరమే తగ్గితే ఇనుము బెడదా తగ్గుతుంది. ఈ విషయమై వేరే సభ పెడతాం.

ఈ తీర్మానం ప్రతులను కృష్ణా, ఎన్టీఆర్, ఏలూరు జిల్లాల వైద్య ఆరోగ్య అధికారులకు, డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టుకు, గన్నవరం, గుడివాడ, నూజివీడు శాసనసభ్యులకు, చుట్టుపక్కల బ్లడ్ బ్యాంకులకు, తల్లిదండ్రులే కలిసి 1998లో స్థాపించుకుని ఇప్పటికీ నడుపుతున్న హైదరాబాదు తలసీమియా, సికిల్ సెల్ సొసైటీకి పంపాలని నిర్ణయించారు. ఆ సొసైటీ నుంచి ఇద్దరిని పిలిచి, వాళ్లు రోగుల పుస్తకాలు ఎలా నడుపుతున్నారో ఆగస్టులో పెట్టే తర్వాతి సభలో తెలుసుకోవాలని కూడా నిర్ణయమైంది. ఆగస్టు సభ ఆదివారం కాకుండా, రక్తం ఎక్కించే రోజు కాకుండా చూసి పెట్టాలని ఆడవాళ్లు కోరారు, సభ ఒప్పుకుంది.

ఈ తీర్మానానికి తెలుగు ప్రతే అసలు ప్రతి. ఇంగ్లీషులో కావలసిన కార్యాలయం తనే అనువాదం చేయించుకోవాలి.